టైపు చేసిన మూడు ఉత్తరాలు

కుట్టుమిషన్ గది,
ఫిబ్రవరి 6

మరదలా,

నేను ఫోన్ తీయడం లేదని అలిగావట. ఇకమీదట కూడా తీయను. నాతో మాట్లాడేటప్పుడు మీ ఆయన స్పీకర్ పెడతాడు, వెనక మీ అత్తగారి దగ్గు వినిపిస్తుంది. నా సంగతులు వాళ్ళిద్దరి ముందు చెప్పాలంటే మర్యాదగా చెప్పాలి. మర్యాదగా చెబితే అందులో సంగతేమీ మిగలదు. అందుకని ఉత్తరం. చదివి చించెయ్.

విషయమేమిటంటే నాకు పదవి వచ్చింది. నవ్వకు. హెచ్ఐవీ మందులిచ్చే మా ఆసుపత్రిలో ఒక కమిటీ ఉంది. డాక్టర్లు, ఆఫీసర్లు, ఎవరూ పిలవకపోయినా వచ్చే ఒక రిటైర్డ్ ప్రొఫెసరు అందులో ఉంటారు. ఈసారి మందులు వాడేవాళ్ళలోంచి కూడా ఒకరుండాలని పైనుంచి కాగితం వచ్చింది. మా సంఘంలో నలభై మందీ కూర్చుని, ఎక్కువ నోరు ఎవరికుందా అని చూశారు. ఓట్ల దాకా రాలేదు.

మొదటి మీటింగుకి వెళ్తే నా కుర్చీ ముందు అట్టముక్క మీద 'బాధితురాలు' అని రాసి పెట్టారు. మిగతావాళ్ళకి పేర్లూ హోదాలూ. నేను అట్ట తిప్పి 'టైలర్' అని రాసుకున్నాను. సూపరింటెండెంటు నాతో మాట్లాడిన ప్రతిసారీ గట్టిగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడాడు. "నాది రక్తంలోనండీ, చెవుల్లో కాదు" అన్నాను. ప్రొఫెసరు తన మీద టీ ఒలికేలా నవ్వాడు.

శనివారాలు లారీ స్టాండుకి వెళ్ళి కండోమ్ ఎలా తొడగాలో చూపిస్తున్నాం. ఆఫీసువాళ్ళిచ్చిన చెక్క నమూనా నా సంచిలోనే పట్టింది కాబట్టి చూపించే పనీ నా నెత్తినే పడింది. ఒక డ్రైవరు దాన్ని అటూ ఇటూ తిప్పి, "అమ్మా, ఇది అసలు సైజేనా?" అన్నాడు. "ఇది ప్రభుత్వం వారి అంచనా. వాస్తవాలు ఇంటి దగ్గర చూసుకో" అన్నాను. ఆ రోజు తీసుకెళ్ళిన కండోమ్ డబ్బాలు రెండూ ఖాళీ అయ్యాయి.

తర్వాత ఆ చెక్కముక్కని మిషన్ సొరుగులో పెట్టి మరిచిపోయాను. నిన్న ప్యాంటు పొడవు తగ్గించమని వచ్చిన ఒకావిడ దారం కోసం సొరుగు లాగింది. ఆ చెక్కముక్కని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. చివరికి, "దీని మీద ఏం కుడతారు?" అంది.

మీ అన్నయ్య పోయి ఏడేళ్ళయింది. ఉంటే నా పదవికి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆయన తెచ్చిన జబ్బుతో నాకు కుర్చీ దొరికింది. ఆ మనిషి పలుకుబడి నాకు పనికొచ్చింది ఈ ఒక్కసారే.

నీ వదిన

*

బూట్ల ఫ్యాక్టరీ ఆఫీసు,
ఫిబ్రవరి 19

వదినా,

నీ ఉత్తరం ఆఫీసు బాత్రూములో చదివాను. ఎవరో తలుపు కొట్టి, "లోపల ఏడుస్తున్నారా?" అని అడిగారు. అవునన్నాను, అదే గౌరవంగా ఉంటుందని.

ఇక్కడ కొత్తేమీ లేదు. మా మేనేజరు నిలబడి చెబుతాడు, నేను కూర్చుని టైపు చేస్తాను. నిన్న ఒకే వాక్యంలో 'సదరు' నాలుగుసార్లు వచ్చింది. మా ఆయన రెండో లైనుకి సూపర్‌వైజరు కదా, ఆయన ప్రాణమంతా గోడ మీద టార్గెట్ బోర్డులోనే ఉంటుంది. ఆయన లైన్లో బూట్లకి గమ్ము రాసే ఒకావిడ ఉంది, అందరూ మైకు అంటారు. ఆవిడ గుసగుసలాడితే గేటు దగ్గర వాచ్‌మన్ తలెత్తి చూస్తాడు. ఒకరోజు మా ఆయనతో, "సూపరైజరు బాబూ, బోర్డుకేసి అంత ప్రేమగా చూడకు, మీ ఆవిడ పై అంతస్తులోనే ఉంది" అందట. ఆయన ఇంటికొచ్చి అది ఫిర్యాదులా చెప్పాడు. నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

ఒక మాట. ఊరికే అడుగుతున్నాను. షుగరు, బీపీ చూస్తామని రక్తం తీసుకుని, చెప్పకుండా హెచ్ఐవీ కూడా చూడొచ్చా? ఉందని తేలితే ఎవరికి చెప్పాలి? ఏం లేదు, ఊరికే.

నీ ఆడపడుచు

*

ఆసుపత్రి, మందుల కౌంటర్ బయటి బల్ల,
మార్చి 1

మరదలా,

'ఊరికే' అని రెండుసార్లు రాశావు. ఊరికే అడిగేవాళ్ళని ఏడేళ్ళుగా చూస్తున్నాను. స్నేహితుడి కోసమంటూ మగవాళ్ళొస్తారు. ఆ స్నేహితుడి రక్తం మాత్రం వీళ్ళ చేతిలోంచే తీయాల్సి వస్తుంది.

కాబట్టి సూటిగా అడుగుతున్నాను. నీకేనా? లేక మీ ఆయనకా? ఎవరికైనా సరే, వెంటనే బస్సెక్కు. బట్టలు కూడా సర్దుకోవద్దు, నేను కుడతాను. నన్ను చూడు. రోజుకో మాత్ర వేసుకుంటున్నాను. నా రక్తంలో వైరస్ ఇప్పుడు పరీక్షకి కూడా దొరకనంత తగ్గిపోయింది. నా పక్కన పడుకున్నవాడికి కూడా అంటదని డాక్టరమ్మ చెప్పింది. పడుకునేవాడే లేడు, అది వేరే సంగతి.

నీ ప్రశ్నకి జవాబు. చెప్పకుండా చూడకూడదు. మనిషి ఒప్పుకుంటేనే చూడాలి. ఏం తేలినా ఆ మనిషికే చెప్పాలి, చాటుగా, కూర్చోబెట్టి. మేనేజరుకీ పక్కింటివాళ్ళకీ కాదు.

ఇక్కడి కబురు ఒకటి. మందుల కౌంటరు పొద్దున పది నుంచి పన్నెండు దాకానే తెరుస్తారు. మందు కావాలంటే కూలిపని మానుకోవాలి. కమిటీలో లేచి, "సార్, వైరస్ కూడా పది నుంచి పన్నెండు దాకానే పనిచేస్తుందా?" అని అడిగాను. ఇప్పుడు వారంలో మూడు సాయంత్రాలు తెరుస్తున్నారు. ఫార్మసిస్టు నాతో మాట్లాడటం మానేశాడు, మాత్రలు మాత్రం సరిగ్గా ఇస్తున్నాడు.

ఉత్తరం రాయి. నాకు నిద్ర పట్టడం లేదు.

వదిన

*

ఇల్లు, వంటగది గట్టు,
మార్చి 12

వదినా,

నాకు కాదు. ఆయనకీ కాదు. నువ్వు నిద్ర మానుకున్నందుకు సిగ్గుగా ఉంది. నేను దాచింది జబ్బు కాదు, చేసిన పని.

జనవరిలో ఫ్యాక్టరీకి ఒక వ్యాను వచ్చింది. ఉచిత ఆరోగ్య పరీక్ష అన్నారు. అందరూ చెయ్యి చాపి, బిస్కెట్ తిని వెళ్ళారు. మూడు వారాల తర్వాత మేనేజరు తలుపు వేసి నాచేత మూడు ఉత్తరాలు టైపు చేయించాడు. 'ఆరోగ్య కారణాల వల్ల సదరు ఉద్యోగి విధులకు అనర్హులు' అని. అతని చేతిలో లిస్టు ఉంది. మూడు పేర్ల పక్కన ఎర్ర సిరాతో హెచ్ఐవీ అని రాసి ఉంది.

టైపు చేశాను వదినా. కామా ఎక్కడ పెట్టాలని కూడా అడిగాను.

మూడోది మైకుది. ఆవిడ పైకొచ్చి, "కళ్ళజోడు తేలేదు, నువ్వే చదువు" అంది. చదివాను. ఆవిడ "సరే" అని చాలా నెమ్మదిగా అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. ఎందుకు తీసేస్తున్నారో కూడా ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నీ ఉత్తరం వచ్చేదాకా అది తప్పని నాకు తెలియదని రాద్దామనుకున్నాను. తెలుసు. అందుకే 'ఊరికే' అని రెండుసార్లు రాశాను.

ఇప్పుడు దిద్దుకుంటాను. ఆ లిస్టు కాపీ తీసి ఈ కవరులోనే పెట్టాను. పేర్లు, చిరునామాలు, అన్నీ ఉన్నాయి. మీ సంఘంవాళ్ళకి చూపించు, పేపర్లో వేయించు, ఏం చేసినా సరే.

నీ ఆడపడుచు

*

కుట్టుమిషన్ గది,
మార్చి 17

ఆడపడుచుగారికి,

మీరు పంపిన లిస్టు అందింది. మడత విప్పలేదు. ఉత్తరం చదివి అదేమిటో తెలుసుకుని స్టవ్ మీద కాల్చాను.

మీ మేనేజరు వాళ్ళ రక్తాన్ని అడక్కుండా చూశాడు. మీరు వాళ్ళ పేర్లని అడక్కుండా పంపారు. అతనికి కంపెనీ మీద ప్రేమ, మీకు న్యాయం మీద ప్రేమ. మధ్యలో ఆ ముగ్గురినీ ఎవరూ పలకరించలేదు. పేపర్లో వేయించమన్నారు. అది చదివి వాళ్ళ ఇంటి ఓనరు గది ఖాళీ చేయమంటే, వాళ్ళ సామాను మీ వంటగది గట్టు మీద సర్దుతారా?

మీకో సంగతి చెప్పాలి. రెడీమేడ్ కంపెనీలో ఉద్యోగం మెడనొప్పి వల్ల మానేశానని మీ అందరికీ చెప్పాను. నా మెడకేం రాలేదు. మీ అన్నయ్య పోయిన నాలుగో నెలలో నాకూ ఒక ఉత్తరం వచ్చింది. అందులోనూ ఆరోగ్య కారణాలే. అది ఇచ్చిన అమ్మాయి నా మొహం చూడలేదు, గోళ్ళు చూసుకుంటూ ఉంది. ఇంటికొచ్చి మెడకి పట్టీ కట్టుకున్నాను. మీ అమ్మగారు మూడు నెలలు నా మెడకి నూనె రాశారు. ఆ మాట ఇన్నేళ్ళలో సంఘంలో కూడా చెప్పలేదు. లారీ స్టాండులో చెక్కబొమ్మ పట్టుకుని నిలబడగలను కానీ ఆ పట్టీ సంగతి చెప్పలేకపోయాను.

ఆ అమ్మాయి ఎలా ఉంటుందా అని చాలాసార్లు అనుకున్నాను. నీలా ఉంటుందని అనుకోలేదు.

ముందు వెళ్ళి వాళ్ళని అడుగు. తర్వాత నాకు రాయి.

వదిన

*

ఆఫీసు,
ఏప్రిల్ 2

వదినా,

'గారు' అన్నావు. ఆ ఒక్క మాటకి పదిరోజులు నీ మీద కోపంగా ఉన్నాను. తర్వాత కోపం అయిపోయింది, నువ్వు రాసింది మిగిలింది. ఆదివారం మైకు ఇంటికి వెళ్ళాను.

సైకిల్ షాపు మీద ఒకటే గది. కింద కూర్చుని కాగితం కవర్లు అంటిస్తోంది. గమ్ము వదల్లేదన్నమాట. నన్ను చూసి లేవలేదు.

"మళ్ళీ ఏం ఉత్తరం తెచ్చావు?"

"ఉత్తరం కాదు. తప్పయిందని చెప్పడానికొచ్చాను."

"అది కూడా టైపు చేసి తెచ్చావా?"

నేను గడపలోనే కూర్చున్నాను. ఉన్నదంతా చెప్పాను. ఆవిడ కుంచె డబ్బాలో పెట్టింది.

"నా ఒంట్లో ఏముందో నాకన్నా ముందు నీకు తెలుసన్నమాట. ఇంకా ఎంతమందికి తెలుసు?"

మేనేజరు, వ్యానువాళ్ళు, నేను అని వేళ్ళు మడిచాను. "మా వదినకి కూడా పంపాను. ఆవిడ చూడకుండా కాల్చేసింది."

"మీ ఇంట్లో ఆవిడొక్కతే మనిషిలా ఉంది" అంది. తర్వాత అదే చిన్న గొంతుతో, "ఎన్నాళ్ళుంటాను?" అని అడిగింది.

అప్పుడు నీ గురించి చెప్పాను. ఏడేళ్ళయినా సూపరింటెండెంటుని ఏడిపిస్తున్నావని. చెప్పాక గుర్తొచ్చింది, నిన్ను కూడా అడగలేదని. తిట్టు, పడతాను. కానీ ఆవిడ నవ్వింది వదినా. కింద సైకిల్ షాపువాడు తలెత్తి చూశాడు.

మిగతా ఇద్దరిలో ఒకరు ఊరు వదిలి వెళ్ళిపోయారు. ఇంకొకరు తలుపు వెనక నుంచే, "మమ్మల్ని వదిలెయ్యండి" అన్నారు. వదిలేసి వచ్చాను. వాళ్ళు ఆడో మగో కూడా నీకు రాయను.

మైకు మాత్రం రాయమంది. "నా ఉద్యోగం నాక్కావాలి. పేపర్లో ఫోటో వద్దు. మందు ఎక్కడిస్తారో చెప్పమను" అంది. పేరు ఏమని రాయనూ అంటే మైకు చాలంది.

నీ ఆడపడుచు

*

ఆసుపత్రి, మందుల కౌంటర్ బయటి బల్ల,
ఏప్రిల్ 11

మరదలా,

నా సంగతి ఊరందరికీ తెలిసిందే. అయినా అడగాలి. ఈసారికి వదిలేస్తున్నాను.

మీ మైకు శుక్రవారం వచ్చింది. మళ్ళీ పరీక్ష చేయించాం, ఈసారి ఆవిడ్ని అడిగి, చెప్పి. ఉంది. సోమవారం నుంచి మందు మొదలైంది. మా సంఘంవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ధైర్యం చెబుతుంటే, "మీరంతా ఇంత బాగున్నారు, నాకిచ్చిన మందూ మీదీ ఒకటేనా, లేక నాకేమైనా చౌకది అంటగట్టారా?" అని అడిగింది. వార్డు చివర ఆయా కూడా విని నవ్వింది. ఫార్మసిస్టు కూడా. నాకు మండిపోయింది, నా మాటకి ఎప్పుడూ నవ్వని మనిషి.

మా లాయరమ్మ కార్మికశాఖ ఆఫీసులో ఫిర్యాదు వేస్తుంది. విచారణ నాలుగు గోడల మధ్యే జరగాలని ముందే రాసి ఇచ్చింది. చిక్కల్లా ఒక్కటే. నడుంనొప్పి వల్ల తీసేశామని కంపెనీ అంటోంది. లిస్టు సంగతి వాళ్ళు ఒప్పుకోరు. చూసినవాళ్ళు నోరు విప్పరు.

నిన్ను సాక్ష్యానికి రమ్మని నేను అడగను. మైకు కూడా అడగొద్దంది. "ఆ పిల్ల మొగుడు నా సూపరైజరే, ఇంట్లో గొడవవుతుంది" అంది. ఉద్యోగం నీది, కాపురం నీది. రాకపోయినా నీకు ఉత్తరాలు రాస్తాను, 'గారు' లేకుండా.

వదిన

*

ఫ్యాక్టరీ స్టోరు గది,
మే 24

వదినా,

పై చిరునామా చూశావుగా. నన్ను స్టోరుకి మార్చారు. ఇప్పుడు బూటు లేసులు లెక్కపెడుతున్నాను. ఇక్కడ 'సదరు' అనేవాళ్ళు లేరు, హాయిగా ఉంది.

విచారణ రోజునే నీకు కమిటీ మీటింగు ఉండి రాలేకపోయావు కాబట్టి చెబుతున్నాను. సాక్ష్యం చెప్తానని ముందురోజు మా ఆయనతో అన్నాను. ఆయన చేతిలో టీ గ్లాసు అలాగే పట్టుకుని, "నువ్వు టైపు చేశావంతే. నీకేం సంబంధం?" అన్నాడు.

"టైపు చేశానంతే అనే చెప్తాను. అంతకన్నా ఏం చెప్పను."

"నన్ను కూడా తీసేస్తే?"

ఆయన గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. మూడు రోజులు నాతో చెప్పాల్సినవన్నీ వాళ్ళమ్మతో చెప్పాడు. ఆవిడ దగ్గుతూ నాకు చేరవేసింది.

విచారణ గదిలో ఆరుగురమే ఉన్నాం. ఆఫీసరు మంచి మనిషో కాదో తెలియదు, కానీ వింటాడు. మా మేనేజరు, "సార్, ఆవిడకి నడుంనొప్పి, నిలబడలేదు" అన్నాడు. మైకు వెంటనే లేచి నిలబడింది. ఇక కూర్చోలేదు. "పదకొండేళ్ళు నడుం వంచి గమ్ము రాశాను. సారు మాట్లాడినంతసేపూ నిలబడతాను, ఎవరికి ముందు నొప్పొస్తుందో చూద్దాం" అంది. మేనేజరు గంటన్నర మాట్లాడాడు. చివరి అరగంట కుర్చీలో ముందుకీ వెనక్కీ కదులుతూనే ఉన్నాడు.

అప్పుడు నన్ను పిలిచారు. "ఉత్తరం నేను టైపు చేశాను సార్. చెప్పేటప్పుడు లిస్టు వారి చేతిలో ఉంది. మూడు పేర్ల పక్కన హెచ్ఐవీ అని ఎర్ర సిరాతో రాసి ఉంది" అన్నాను.

"ఆ మూడు పేర్లూ చెప్పండి" అన్నాడు ఆఫీసరు.

"ఒకావిడ ఇక్కడ నిలబడి ఉంది. ఆవిడ చెప్పమంది. మిగతా ఇద్దరూ చెప్పమనలేదు. నేను చెప్పను."

"నేను అడుగుతున్నానమ్మా."

"మీరు అడుగుతున్నారు సార్. వాళ్ళు ఒప్పుకోవాలి కదా."

లాయరమ్మ పెన్ను కింద పడేసుకుంది. ఆఫీసరు ఏదో రాసుకుని, సరే కూర్చోండి అన్నాడు. ఆ తర్వాత లిస్టు పట్టుకురమ్మని మేనేజరుకి చెప్పాడు, సీలు వేసిన కవరులో, తన ఒక్కడికే.

నిర్ణయం ఇంకా రాలేదు.

నీ ఆడపడుచు

*

కుట్టుమిషన్ గది,
జూన్ 20

మరదలా,

లాయరమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. మైకుకి పాత పని, ఆపిన జీతం. ఇకమీదట ఎవరి రక్తమైనా తీయాలంటే ముందు కాగితం మీద ఒప్పుకోలు తీసుకోవాలి, ఫలితం కంపెనీకి వెళ్ళకూడదు. మిగతా ఇద్దరూ ఎప్పుడు కావాలన్నా తిరిగి రావచ్చట. నేను ప్యాంటు కాలు ఒకటి మూతి కుట్టేసి, మళ్ళీ విప్పాను.

నిన్న సంఘంలో మెడపట్టీ సంగతి చెప్పాను. ఎవరూ ఓదార్చలేదు. ఇంకో నలుగురు లేచి వాళ్ళ పట్టీలు చెప్పారు. ఒకాయన ఉబ్బసమని ఆరేళ్ళు నటించాడట. దగ్గి చూపించాడు, చాలా బాగా దగ్గాడు.

ఒక్క మాట మైకుకి చెప్పు. ఆర్డరు వల్ల కుర్చీ తిరిగొస్తుంది కానీ, పక్క కుర్చీల్లో మనుషులు రారు. నాకు తెలుసు. మొదటి రోజులు గట్టిగా ఉండమను.

వదిన

*

ఇల్లు, వంటగది గట్టు,
జూలై 9

వదినా,

నువ్వన్నట్టే అయింది. సోమవారం మైకు వచ్చి తన బల్ల దగ్గర కూర్చుంది. ఇటువైపు కూర్చునే ఆవిడ లేచి లైను చివరికి వెళ్ళింది. అటువైపావిడ కూడా. మైకు రెండు వైపులా చూసి, "బాగుంది, మోచేతులు చాచుకోవచ్చు" అంది. లైనంతా వినిపించేలాగే అంది కానీ, స్టోరు కిటికీలోంచి చూస్తే రాసిన తోలుకే మళ్ళీ గమ్ము రాస్తోంది.

మంగళవారం కూడా అంతే. పై తోలుకి మైకు గమ్ము రాస్తే, కింది సోలుకి ఇటువైపావిడ రాయాలి, అటువైపావిడ రెండూ అతికించాలి. అక్కడ ఎవరూ లేరు. బూట్లు గుట్టపడ్డాయి. మా ఆయన కూర్చోమంటే అందరూ తలొంచుకున్నారు. మేనేజరు పైనుంచి వచ్చి, ఆవిడ వల్లే లైను ఆగిందని ఈయన్ని కాగితం మీద రాసివ్వమన్నాడు. అది ఒక్కటి దొరికితే చాలు అతనికి, మళ్ళీ తీసేయడానికి. ఆ సాయంత్రం ఈయన ఇంటికొచ్చి ఆ కాగితం జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అందులో ఏమీ రాయలేదు.

బుధవారం పొద్దున ఈయన చొక్కా చేతులు మడుచుకుని, వెళ్ళి మైకు పక్క కుర్చీలో కూర్చున్నాడు. కుంచె తీసుకున్నాడు. లైనంతా పని ఆపి చూసింది. పదేళ్ళ సూపర్‌వైజరు, గమ్ము డబ్బా మూత ఎటు తిప్పాలో తెలియలేదు. మైకు తిప్పి ఇచ్చింది. కాసేపాగి, "సూపరైజరు బాబూ, గోడకి సున్నం కొట్టినట్టు కాదు, తోలుకి నొప్పి తెలియకుండా రాయాలి" అంది. ఈయన తలూపి మళ్ళీ రాశాడు. మళ్ళీ తిట్టింది. మధ్యాహ్నం దాకా తిడుతూనే ఉంది, ఈయన రాస్తూనే ఉన్నాడు. ఈయన అంటించిన జతల్లో సగం, రెండూ ఎడమకాలివే.

భోజనాలయ్యాక, ఇటువైపు నుంచి లేచి వెళ్ళినావిడ గబగబా వచ్చింది. "లేవండి సార్. మీ వల్ల లైను పరువు పోతోంది" అని ఆయన్ని లేపి ఆ కుర్చీలో తను కూర్చుంది. మైకు ఆవిడకి డబ్బా జరిపింది. అటువైపు కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడ ఈయన మళ్ళీ కూర్చున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కుడిచేతి వేళ్ళు రెండు అంటుకుపోయి ఉన్నాయి. స్పిరిట్ తెచ్చి, దూది ముంచి, నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను. "ఈ వాసన రోజంతా ఎలా భరిస్తారో" అన్నాడు. ఆ రెండు వేళ్ళూ విడదీయడానికి అరగంట పట్టింది వదినా. అంతసేపూ ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది.

నీ ఆడపడుచు